కాంటా గది కంప్యూటర్‌ను

నన్ను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో జోడించారు. క్యాబినెట్ ఒక షాపుది, మదర్‌బోర్డు పక్క షాపుది, 2 జీబీ ర్యామ్ ఎవరో పెద్దది వేయించుకుని వదిలేసి పోయింది. విండోస్ 7 ఎక్కించి కాజీపల్లి తెచ్చి, ఒక బల్క్ డ్రగ్ కంపెనీ గేటు పక్కన వేబ్రిడ్జి గదిలో కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఇదే నా లోకం. సాల్వెంట్ ట్యాంకర్లు, బాయిలర్‌కి బొగ్గు లారీలు లోపలికి. డ్రమ్ముల లోడ్లు, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పోయే వ్యర్థజలాల ట్యాంకర్లు బయటికి. లారీ కాంటా ఎక్కితే ఇండికేటర్ డబ్బా బరువును సీరియల్ తీగలో నాకు పంపుతుంది. లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేసి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద స్లిప్పు కొట్టిస్తాను. ఇక్కడి గాలికి రాగి ఊరికే నల్లబడుతుంది. మొరాయించినప్పుడల్లా ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో కాళ్లు రుద్ది మళ్లీ గుచ్చుతారు. ఆ వైద్యం నాకు బాగానే పడుతుంది.

పడనిది ఇంకో వైద్యం.

నా జ్ఞాపకమంతా రిజిస్ట్రీలో ఉంటుంది. మా పూర్వీకుల కాలంలో ఒక్కో ప్రోగ్రాము తన సెట్టింగులను ఒక్కో ఐఎన్ఐ ఫైల్లో రాసుకునేది. ఆ ఫైలు 64 కిలోబైట్లు దాటితే ఇబ్బంది. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలైన రిజిస్ట్రీ, 1995లో విండోస్ 95 వచ్చేసరికి అందరికీ ఒకే చోటు అయింది. నాలో అయితే విండోస్ లోపలి సిస్టమ్32లో కాన్ఫిగ్ అనే ఫోల్డరు ఉంది. యంత్రానికంతటికీ సంబంధించిన సంగతులు సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సెక్యూరిటీ వంటి పేర్లతో అక్కడ ఫైళ్లుగా పడుంటాయి. వాడే మనిషి సొంత ఇష్టాలు మాత్రం ఆ మనిషి ఫోల్డర్లో, ఎన్‌టీయూజర్.డాట్‌లో. ఈ తేడా మరిచిపోవద్దు, మళ్లీ పనికొస్తుంది.

కొన్నేళ్లకు నేను నెమ్మదించాను. హార్డ్‌డిస్క్ ముసలిది, ర్యామ్ తక్కువ, పైగా స్టార్టప్‌లో అక్కరలేని ప్రోగ్రాములు నాలుగు. ఇక్కడ నన్ను నడిపే కాంటా అన్న ఒక రాత్రి షిఫ్టులో ఏదో రిజిస్ట్రీ క్లీనర్ ఎక్కించాడు. అది నన్ను తడిమి, వందల్లో తప్పులున్నాయని ఎర్రక్షరాలతో చూపించింది. బ్యాకప్ తీయమంటావా అని అడిగితే ఆయన వద్దని నొక్కాడు. ఎదురుగా లారీ హారన్ కొడుతుంటే ఎవరైనా అదే నొక్కుతారు.

ఆ 'తప్పులు' ఎలాంటివో నాకు తెలుసు కదా. ఎప్పుడో తీసేసిన ప్రింటర్ పేరు, లేని ఫైలుకి దారి, అంతే. రిజిస్ట్రీ కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. కావలసిన పేరు కోసం నేను నేరుగా ఆ కొమ్మకే పోతాను, పక్క కొమ్మల్లో ఏ చెత్త ఉందో చూడను. పదుల మెగాబైట్లలో కొన్ని కిలోబైట్లు ఊడ్చేసినందుకు వచ్చే వేగం కంటికి ఆనదు. 1990లలో మైక్రోసాఫ్ట్ తానే రెగ్‌క్లీన్ అనే సాధనం ఇచ్చి, తర్వాత ఉపసంహరించుకుంది. ఇప్పుడు ఇలాంటి క్లీనర్లకు తమ మద్దతు లేదంటోంది. పేరున్నదైతే చాలనుకోవడానికీ లేదు. 2017 ఆగస్టులో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే ఎవరో దొంగకోడ్ చొప్పించారు, దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది.

పొద్దున ట్యాంకర్ కాంటా ఎక్కింది. ఇండికేటర్ మీద అంకెలు వెలుగుతున్నాయి, నా తెర మీద మాత్రం 'ఎంఎస్‌కామ్32.ఓసీఎక్స్ సరిగా రిజిస్టర్ కాలేదు' అనే పెట్టె. కాంటా సాఫ్ట్‌వేర్ పాత విజువల్ బేసిక్ 6లో రాసింది. సీరియల్ తీగలోంచి అంకెలు చదివి పెట్టేది ఆ ఓసీఎక్స్ ముక్కే. అది ఎక్కడుందో రిజిస్ట్రీలో రాసిన దారి పాతకాలపు పొట్టి పేర్లతో ఉంది. క్లీనర్‌కి అది లేని దారిలా కనిపించి కొట్టేసింది. ఫైలు చెక్కుచెదరలేదు, దాని చిరునామా పోయింది. గేటు బయట లారీలు బొల్లారం రోడ్డు దాకా నిలబడ్డాయి. చేత్తో రాసిన చీటీ సరుకు కొన్నవాడు ఒప్పుకోడు.

పటాన్‌చెరు నుంచి సర్వీసు తమ్ముడు వచ్చాడు.

"ఏం జేసినవ్ అన్నా?"

"ఏం జేయలే తమ్మీ. స్లో అయితుందని జర సాఫ్ జేసిన."

తమ్ముడు వెంటనే నా రిజిస్ట్రీ తెరవలేదు. అందుకే వాడంటే నాకు గౌరవం. ముందు సిస్టమ్ రిస్టోర్ చూశాడు. డిస్క్‌లో జాగా కోసం ఎవరో ఎప్పుడో ఆపేశారు. తర్వాత కాన్ఫిగ్ ఫోల్డర్లోని రెగ్‌బ్యాక్‌లోకి తొంగిచూశాడు. విండోస్ 7లో పది రోజులకోసారి రిజిస్ట్రీ నకలు అక్కడ తనంతట తాను పడుతుంది. ఉంది. కానీ ఒక్క చిరునామా కోసం మొత్తం ఫైలు మారిస్తే ఈ మధ్య మారినవన్నీ వెనక్కి పోతాయి. అందుకని దాన్ని చివరి దారిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఈ నకళ్లు వాటంతటవి పడవు. పెద్దాఫీసు కంప్యూటర్లో ఫోల్డరు తెరిస్తే సున్నా సైజు ఫైళ్లే కనిపించాయని వాడే అన్నాడు.

అప్పుడు రిజిస్ట్రీని మార్చే రెజ్‌ఎడిట్ తెరిచి, పాడైన నన్ను పాడైనట్టే ఎక్స్‌పోర్ట్ చేసుకున్నాడు. కాంటా అన్నకి వింతగా తోచింది.

"ఖరాబైంది గూడ దాచుకుంటవా?"

"నేను ఇంకింత ఖరాబ్ జేస్తే, వాపస్ గీడికన్న రావాలె గదన్నా."

రెజ్‌ఎడిట్‌లో అన్‌డూ ఉండదు, 'సేవ్ చేయాలా' అన్న ప్రశ్నా ఉండదు. మార్చిన క్షణమే మారిపోతుంది. ఈ ఫ్యాక్టరీలోనే లోపల బ్యాచ్ రికార్డులో అంకె తప్పుపడితే తుడిచేయరు. పాత అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేస్తారు. క్యూసీ ల్యాబులోని కంప్యూటర్ల జోలికి ఎవరూ పోరు. 1997లో అమెరికా ఎఫ్‌డీఏ తెచ్చిన పార్ట్ 11 నియమం పుణ్యమా అని అక్కడ ప్రతి మార్పుకీ ఆడిట్ ట్రెయిల్ ఉంటుంది. అంత కట్టుదిట్టం గోడకి అవతల నడుస్తుంటే, గేటు దగ్గర నాకు మాత్రం ఎవడైనా అడ్మినే.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, రెగ్‌ఎస్‌వీఆర్32 అని కొట్టి, ఓసీఎక్స్ పూర్తి దారి ఇచ్చాడు. 'సక్సీడెడ్' అని పెట్టె వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, బరువు మాత్రం సున్నా. స్లిప్పు హెడ్డింగు ఖాళీ, పోర్టు నంబరు 1. తమ్ముడు కాసేపు తీగలు కదిపాడు, యూఎస్‌బీ కన్వర్టర్ పీకి పెట్టాడు. తర్వాత నవ్వుకున్నాడు. తను లాగిన్ అయింది అడ్మినిస్ట్రేటర్ పేరుతో. విజువల్ బేసిక్ ప్రోగ్రాములు తమ సెట్టింగుల్ని మామూలుగా వాడే మనిషి ఖాతాలోనే రాసుకుంటాయి. కాంటా అన్న పేరుతో లాగిన్ అయితే అన్నీ ఉన్నాయి. పోర్టు నంబరు 3, బరువు గలగలా వచ్చేసింది.

హెడ్డింగులో ఇంకా 'మెదక్ జిల్లా' అనే ఉంది. మేం సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది 2016 అక్టోబరు 11న. స్లిప్పుకి ఆ వార్త అందలేదు. తమ్ముడు ఆ ఒక్క కొమ్మని ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైలు పేరులో తేదీ వేసి, అప్పుడు జిల్లా మార్చాడు. ఎక్స్‌పోర్ట్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే పాతవి తిరిగి చేరతాయి గానీ, మధ్యలో కొత్తగా చేరినవి పోవని కాంటా అన్నకి చెప్పాడు. అన్న తల ఊపాడు. ఏం అర్థమైందో అడగొద్దు.

పోయేముందు క్లీనర్ తీసేశాడు, స్టార్టప్‌లోని నాలుగింటినీ ఆపాడు, సిస్టమ్ రిస్టోర్ పెట్టాడు. నేను నెమ్మదించిన రోగానికి అసలు మందు ఎస్ఎస్‌డీ అని బిల్లు వెనకాల రాసిచ్చాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఆఫీసుకి పోయింది. కాంటా అన్నకి మామూలు ఖాతా మిగిలింది. "నా కంప్యూటర్ల నేనే పరాయోణ్ణైతి" అని ఆయన ఇప్పటికీ సణుగుతాడు.

విండోస్ 7కి మామూలు మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది. నన్ను మార్చాలని ఆఫీసులో అప్పుడప్పుడూ అనుకుంటారు, అంతలో బొగ్గు బిల్లు వస్తుంది. కొత్తది వస్తే విండోస్ 11 వస్తుంది. అది 64 బిట్‌లోనే ఉంటుంది కాబట్టి ఓసీఎక్స్‌ను సిస్టమ్32లో కాకుండా సిస్‌వావ్64లో పెట్టి రిజిస్టర్ చేయాలి. జిల్లా మార్చాక తీసిన ఎక్స్‌పోర్ట్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంది. కాంటా అన్న లాగిన్‌లో డబుల్ క్లిక్ చేస్తే హెడ్డింగు వచ్చేస్తుంది. పోర్టు నంబరు మాత్రం అక్కడ 3 అవుతుందన్న నమ్మకం లేదు, డివైస్ మేనేజర్‌లో చూసి వేసుకోవాలి.