ఏముందిరా చారు (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

జ్వరం తగ్గి, నోరు చేదెక్కిన ఒకానొక చెల్లెలి కొడుకు గచ్చిబౌలిలోని అద్దెగదిలో, ఇండక్షన్ పొయ్యి ముందు నిలబడి, తణుకులో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేసి "చారెలా పెట్టాలి పెద్దమ్మా?" అని అడుగగా, ఆవిడ బెండకాయలు తరుగుతూ సెలవిచ్చిన వాక్యమిది. అడిగినవాడు అధికారి అవునా కాదా అని శాస్త్రం ముందుగా చూస్తుంది. ఆకలి ఉంది కనుక అధికారే. గదిలో ఉన్న గిన్నె ఒక్కటే. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, ముందు ముందు చిక్కు తెస్తుంది.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. మూలంలో లేని మాట రాయనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆయనకు చెల్లింది. కాళిదాసు మర్నాడు ఫోన్ చేసి "బెల్లం వేశావా?" అని అడగలేదు కదా. మనకు ఆ నియమం చెల్లదు.

మూలం

"ఏముందిరా, కాస్త చింతపండు నానేసుకో, ఉప్పూ పసుపూ ఇంత పడెయ్యి, ఓ పొంగు రానిచ్చి దింపి, ఘుమ్మని పోపు పెట్టు. అంతే."

ప్రతిపదార్థ టీక

ఏముందిరా = ఇందులో ఏమీ లేదురా. రూపం ప్రశ్న, అర్థం నిషేధం. ఎవరికి ఏమీ లేదు? నలభై ఏళ్లుగా రోజూ పెట్టేవారికి. "రా" అనే పిలుపు వాత్సల్యాన్ని చెబుతోంది. ఇదే మాట కోడలితో "ఏముందమ్మా" అని అంటే ధ్వని వేరవుతుంది. ఆ ధ్వనిని వివరించడం వ్యాఖ్యాతకు క్షేమం కాదు.

కాస్త = కొంచెం అని నిఘంటువు. నిఘంటువులు వంటింట్లోకి రావు. నెయ్యి విషయంలో కాస్త అంటే గరిటెడు. పక్కింటివారు అప్పడిగిన కాఫీపొడి విషయంలో చెంచాడు. పెళ్లిలో వడ్డించేవాడు "కాస్తే అండీ" అన్నాడంటే విస్తరి మునిగిందన్నమాట. కనుక ఈ పదం వస్తువు కొలతను చెప్పేది కాదు, చెప్పేవారి మనసును చెప్పేది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు అని వంటపుస్తకాలు వాడే కొలతలుండగా ఈ కాస్త ఏమిటి? గ్రాములు చెబితే పోలేదా? పోలేదు. మాఘ ఫాల్గుణాల్లో చెట్టు దిగిన కొత్త చింతపండు లేత రంగులో ఉంటుంది, కుండలో ఏడాది మాగినది నల్లబడుతుంది. పది గ్రాముల పులుపు చెట్టుకొక రకం, ఊరికొక రకం. త్రాసు పెట్టినా చివరికి అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూడక తప్పదు.

అలాగని పెద్దమ్మ పక్షాన తీర్పు ఇచ్చేశామనుకోవద్దు. మన పెద్దలు ఆవగింజంత, శనగగింజంత, కుంకుడుగింజంత, ఉసిరికాయంత, నిమ్మకాయంత అని చక్కని మెట్లు కట్టి పెట్టారు. ఒక మనిషికి ఉసిరికాయంత, నలుగురికి నిమ్మకాయంత అంటే పసివాడికీ తెలుస్తుంది. అంతటి కొలమానం చేతిలో ఉండగా కాస్త అనడం బద్ధకమే.

నానేసుకో = నీళ్లలో వేసి ఉంచు. వేణ్ణీళ్లయితే పది నిమిషాలు, చన్నీళ్లయితే అరగంట. నానాక పిసకడం, వడగట్టడం, ఈనెలూ గింజలూ పారెయ్యడం అన్నీ ఈ ఒక్క క్రియలోనే ఇమిడి ఉన్నాయని గ్రహించాలి. శిష్యుడు గ్రహించలేదు. గింజలతో సహా మరిగించాడు.

ఇంత = ఈ మాట అన్నప్పుడు పెద్దమ్మ బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిపి చూపించారు. ఫోనులో వేళ్లు కనబడవు. మూలంలో అసలు అర్థమంతా వేళ్లలో ఉండి, మనకు శబ్దం మాత్రమే చేరింది. దీనికి వ్యాఖ్య రాయడం ఎవరి వల్లా కాదు. ఒక్క ఉపాయముంది. ఈసారి ఊరు వెళ్లినప్పుడు చారు పెట్టేవారి పక్కన చిన్న గిన్నె పట్టుకుని నిలబడాలి. ఆ చిటికెడు చారులో పడేలోపు గిన్నెలో పట్టి, చెంచాతో కొలిచి, కాగితం మీద రాసుకుని అప్పుడు చారులోకి వదలాలి. చీవాట్లు పడతాయి. పడనివ్వండి.

ఓ పొంగు = ఒక్కసారి పొంగడం. ఈ పదం దగ్గరే ఎందరో శిష్యులు చెడిపోయారు. చింతపండు రసాన్ని ఒక్క పొంగుతో సరిపెడితే పచ్చివాసన పోదు, ఆ చారు తాగినవాడికి మళ్లీ జ్వరం వచ్చినంత పనవుతుంది. పోనీ బాగా మరిగిద్దామంటే, చారుపొడిలోని ధనియాల, మిరియాల వాసనంతా ఆవిరితో పాటు కిటికీ దాటి పోతుంది. ఇల్లంతా ఘుమఘుమ, గిన్నెలో వేడినీళ్లు. ఈ విరోధానికి పరిహారం ఏమిటంటే మరుగు వేరు, పొంగు వేరు. మరగాల్సింది పులుపు. పొంగాల్సింది పొడి. మొదట ఉప్పు, పసుపులతో పులుసునీళ్లు ఎనిమిది పది నిమిషాలు మరగాలి. ఆ తర్వాత పొడి వేసి, నురగ అంచుల నుంచి లేచి మధ్యకు చేరుతుండగా దింపెయ్యాలి. పెద్దమ్మ చెప్పినది ఈ రెండోదే. మొదటిది ఆవిడ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అధ్యాహారంలో చూద్దాం.

ఘుమ్మని = అనుకరణ శబ్దం. దేనికి అనుకరణ? చిటపట అంటే చప్పుడుకు, గలగల అంటే చప్పుడుకు. వాసన చప్పుడు చెయ్యదు. అయినా తెలుగువాడి ముక్కు దాన్ని వింటుంది. చారు అనే మాటకు సంస్కృతంలో అందమైనదని అర్థం చెప్పి శ్లేష విసిరేవారు పెళ్లిపందిళ్లలో చాలామంది ఉన్నారు. ఆ శ్లేష అరిగిపోయింది, వ్యాఖ్యాత దాని జోలికి పోడు.

పోపు = కాగిన నెయ్యిలో దినుసులను వరసగా వేయించడం. ఈ వరస తప్పరానిది. ఆవాలు ముందు. లోపలి చెమ్మ ఆవిరై పైపొర పగిలితేనే ఆవాలు చిటపటలాడతాయి, ఆ తర్వాతే జీలకర్రకు ప్రవేశం. జీలకర్ర ముందు వేస్తే ఆవాలు పేలే లోపల అది మాడి ఊరుకుంటుంది. తర్వాత ఎండుమిర్చి, ఇంగువ, చివర కరివేపాకు. ఇంగువ ముద్దదైతే ఆవగింజంత చాలు. డబ్బాలో పొడి ఇంగువలో పిండీ జిగురూ కలిపే అమ్ముతారు కనుక దాన్ని కాస్త (పై టీక చూడండి) ఎక్కువ వెయ్యాలి. తరతరాలుగా ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల నుంచి తెప్పించుకుంటున్న ఈ సరుకును మన నేలలో పండించే ప్రయత్నం 2020లో హిమాచల్ లాహౌల్ లోయలో మొదలైంది. ఇన్నాళ్లూ అచ్చమైన ఇంటి చారు అంటూ మనం మురిసిన వాసన సరిహద్దులు దాటి వచ్చినదే.

ఇప్పుడు చిక్కు. గిన్నె ఒక్కటే, అందులో చారు ఉంది. పోపు దేనిలో? గరిటెలో అని సంప్రదాయం. కానీ ఇండక్షన్ పొయ్యి అడుగు సమంగా ఉండి, అయస్కాంతం అంటుకునే గిన్నెను మాత్రమే గుర్తిస్తుంది. గరిటెను చూసి కూతపెట్టి ఆరిపోతుంది. సమాధానం: చారును స్నానాల మగ్గులో కాకుండా మరే పాత్రలోనైనా ఒంపి, గిన్నె తుడిచి, అందులోనే పోపు వేయించి, చారును తిరిగి దాని మీద పొయ్యాలి. సుయ్యిమని లేస్తుంది. ముఖం దూరంగా పెట్టాలి.

అంతే = సమాప్తి. మీమాంసకులు ఒక గ్రంథం అసలు ఏం చెబుతోందో తేల్చడానికి మొదలూ చివరా కలిపి చూడమంటారు. మొదలు "ఏముంది", చివర "అంతే". రెండూ కలిపితే ఈ వాక్యం శూన్యవాదమని తేలుతుంది. అది సరి కాదు. ఇది భయపడేవాడికి ధైర్యం చెప్పే అర్థవాదం మాత్రమే.

అధ్యాహారం

మూలంలో లేకపోయినా తెచ్చి కలుపుకోవలసినవి: నీళ్లు, చారుపొడి, కరివేపాకు, ఇంగువ, బెల్లం. అవును, నీళ్లు కూడా మూలంలో లేవు.

మర్నాడు ఫోనులో సంవాదం ఇలా సాగింది. "బెల్లం ముక్క వేశావుగా?" "నువ్వు చెప్పలేదుగా పెద్దమ్మా." "అది చెప్పేదేమిట్రా!" వంట చెప్పేవారందరి రహస్యమూ ఈ మూడు మాటల్లో ఉంది. రోజూ చేసేది చేతికి దిగిపోయి నోటికి రావడం మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి చేసే కాజాల పాకం అడిగి చూడండి, తీగపాకం ముదురుపాకం తేడాతో సహా చెబుతారు.

మరొక పక్షం కూడా ఉంది. తమ చేతి చారుకు సాటి రాకూడదని ఒక దినుసు కావాలనే దాస్తారని తోడికోడళ్ల వర్గం ఆరోపణ. సొంత చెల్లెలి కొడుకు విషయంలో ఈ వాదం నిలవదు. తోడికోడళ్ల విషయంలో పూర్తిగా కొట్టెయ్యలేం.

పాఠాంతరాలు

పోపుకు తాలింపు, తిరగమోత అని వేరే పాఠాలు ఉన్నాయి. అర్థభేదం లేదు. తెలంగాణ ఇళ్లలో అసలు పొయ్యే వెలిగించకుండా చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి పచ్చిపులుసు చేస్తారు. జ్వరపడిన వంటచేతకానివాడికి అదే ఉత్తమ శాఖ. కృష్ణా గుంటూరు వారి ఉలవచారు ఎడ్లకు ఉలవలు ఉడికించిన నీటి నుంచి పుట్టింది, అది మరొక గ్రంథం. కందిపప్పు కట్టు కలిపితే చారు చిక్కబడుతుంది. టమాటా ప్రక్షిప్తం. మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల వెంట వచ్చినదే. అందుకే తద్దినం వంటలో ఈ రెండింటికీ చోటు లేక కారానికి మిరియాలే దిక్కవుతాయి. అయినా రోజువారీ చారులోంచి టమాటాను తీసెయ్యమంటే ఈ కాలంలో వ్యాఖ్యాతకు అన్నం పుట్టదు.

తాత్పర్యం

ఉసిరికాయంత చింతపండు నానబెట్టి, పిసికి వడగట్టి, మొత్తం అర లీటరు నీళ్లయ్యేలా చూసుకోవాలి. ముప్పావు చెంచా ఉప్పు, చిటికెడు పసుపు, కుంకుడుగింజంత బెల్లం వేసి పచ్చివాసన పోయేదాకా మరిగించాలి. చెంచాడు చారుపొడి వేసి పొంగు రాగానే దింపాలి. పొడి లేనివారు చెంచా ధనియాలు, అర చెంచా మిరియాలు, అర చెంచా జీలకర్ర గ్లాసు అడుగుతో నలిపి వేసుకోవచ్చు. నేతిలో పైన చెప్పిన వరసలో పోపు పెట్టి మూత వెయ్యాలి. అయిదు నిమిషాలాగి, మెత్తగా వండిన అన్నంలో పోసుకోవాలి, అంచుకు వేయించిన అప్పడం.

ఇలా చేశాక కూడా కుదరకపోతే పెద్దమ్మను అనకండి, వ్యాఖ్యాతను అంతకన్నా అనకండి. చింతపండు కొన్న కొట్టు మార్చండి.