సకార పీడితుడు

పాటలో 'స' అన్న అక్షరం వచ్చినప్పుడల్లా అన్నంలో రాయి తగిలినట్టు ముఖం చిట్లించే మనిషిని ఈ వ్యాసంలో సకార పీడితుడు అని వ్యవహరించడమైనది. ఇతడు ప్రధానంగా కొండాపూర్, మియాపూర్ అపార్ట్‌మెంట్లలోనూ, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనూ, న్యూజెర్సీ ఇళ్ల బేస్‌మెంట్లలోనూ కనిపిస్తాడు. పగలంతా సాఫ్ట్‌వేరు రాసి, రాత్రి పిల్లలు పడుకున్నాక బల్ల ముందు చేరి, ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ తీగ గుండా డాక్ అనే పెట్టెకూ, అక్కడి నుంచి ఆంప్ అనే మరో పెట్టెకూ, అక్కడి నుంచి తలమీది హెడ్‌ఫోన్స్‌కూ పాటను చెయ్యిపట్టి నడిపించుకు వెళ్లడం ఇతని నిత్యకృత్యం. మొదటి పెట్టె కంప్యూటరులోని అంకెలను విద్యుత్ తరంగంగా మారుస్తుంది, రెండోది ఆ తరంగానికి హెడ్‌ఫోన్స్‌ను కదిలించేంత బలమిస్తుంది. ఈ రెండు పనులూ చేసే చిన్న చిప్పు ల్యాప్‌టాప్‌లోనే ఉంటుందన్న సంగతి ఇతని ఎదుట ఎత్తడం, ఆబ్దికం భోజనాల్లో కోడిపలావు ప్రస్తావన తెచ్చినంత అపచారం.

ఇతని బాధకు సిబిలెన్స్ అని పేరు. ఆ పేరుకు తెలుగులో సాటివచ్చే వాడుక మాట లేకపోయినా, ఆ ధ్వనుల స్వభావాన్ని మన వ్యాకర్తలు ఏనాడో గుర్తించి శ, ష, స, హలకు ఊష్మాలని పేరు పెట్టారు. ఊష్మమంటే వేడి, ఆవిరి. నాలుక కొన పళ్ల వెనక సన్నని సందు మాత్రం వదిలినప్పుడు ఊపిరి ఆ సందులోంచి దూసుకొచ్చి, ముందు పళ్ల అంచుకు కొట్టుకుని సుళ్లు తిరుగుతుంది, ఆ సుళ్ల రొదే సకారం. దానికి శ్రుతి ఉండదు. ఇడ్లీ పాత్ర మూత కింది నుంచి ఆవిరి తన్నుకొచ్చే చప్పుడుకు దగ్గరి చుట్టం. ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత హెర్ట్జ్ కాగా, ఆ లెక్కన 'శ' బలమంతా ఇంచుమించు 3 వేల హెర్ట్జ్ దగ్గర పోగుపడితే, 'స' బలం పురుషుల గొంతులో 5, 6 వేల ప్రాంతానికీ, స్త్రీల గొంతులో 7, 8 వేల ప్రాంతానికీ ఎగబాకుతుంది. ఇది చాలదన్నట్టు తెలుగువాడికి దంత్య చకారం కూడా ఒకటుంది: 'చిలుక'లోని చ తాలువు దగ్గర మెత్తగా పుడుతుందిగానీ, 'చలి', 'చాప', 'చాలు' అన్న మాటల్లోని చ పళ్లకు తగిలి చివరలో ఒక బుల్లి సకారాన్ని వదిలిపెడుతుంది. అందువల్ల సకార పీడితుడు విసిగి వేసారి 'ఇక చాలు' అనుకున్నా, ఆ మాటలోనే అది మళ్లీ బుసకొడుతుంది.

పాట ఇతని చెవిని చేరేలోగా సకారం చాలామంది పోషకుల చేతుల్లో పెరిగి పెద్దదవుతుంది. గాయకుల కోసం వాడే కండెన్సర్ మైకులు చాలావరకు గొంతు స్పష్టంగా వినబడాలని పై స్థాయి ధ్వనులను కొంత పెంచి పట్టుకుంటాయి. ఆ మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే పళ్ల మధ్య జరిగే వ్యవహారమంతా అందులో నమోదవుతుంది. ఆ తరువాత హెచ్చుతగ్గులను చదును చేసే కంప్రెసర్ అనే సాధనం గుసగుసనూ కేకనూ ఒక వరుసలోకి తెచ్చేటప్పుడు సకారం మరింత ముందుకు పొడుచుకొస్తుంది. మంచి ఇంజనీరైతే డీ-ఎస్సర్ అనే మరో సాధనాన్ని కాపలా పెడతాడు. అది పాటంతటినీ తగ్గించకుండా, సకారం హద్దు మీరిన ఆ లిప్తలో మాత్రం దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఊరుకుంటుంది. రికార్డింగులో ఇంత జాగ్రత్త పడినా, ఆ పాటను 128 కిలోబిట్ల ఎంపీ3గా కుదించినప్పుడు, లెక్కలకు లొంగని ఈ రొద గాజుపెంకుల గలగలగా మారే ప్రమాదం ఉంది. వాద్యాల మరుగు లేని ఒంటరి గొంతును కుదించడం ఎంత కష్టమో ఎంపీ3 రూపకర్తల్లో ముఖ్యుడైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్‌కు తెలుసు. అందుకే సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటను ముందు పెట్టుకుని తన పద్ధతిని మళ్లీ మళ్లీ సరిదిద్దుకున్నాడు. సకార పీడితుడు మాత్రం యూట్యూబ్ నుంచి దింపిన పాటను ఫ్లాక్ అనే నష్టరహిత రూపంలోకి మార్చి దాచుకుంటాడు. నీళ్లు కలిపిన పాలను వెండి గిన్నెలో పోసినంత మాత్రాన నీళ్లు విడిపోవని ఇతనికి తెలియక కాదు, గిన్నె మీద మోజు అలాంటిది.

హెడ్‌ఫోన్స్ పాత్రా చిన్నదేమీ కాదు. జర్మనీలో తయారయ్యే బేయర్‌డైనమిక్ డీటీ 990 లాంటివి 8 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల కొండలా పైకి లేస్తాయన్నది ఈ తెగలో పసిపిల్లలకూ తెలుసు. సెన్‌హైజర్ 2009లో తెచ్చిన హెచ్‌డీ 800లో 6 వేల దగ్గరి మొనను చూసి అభిమానులు సొంతంగా లోపల గుడ్డముక్కలు అంటించుకోగా, 2016లో వచ్చిన హెచ్‌డీ 800 ఎస్‌లో ఆ మొనను పీల్చుకునే ఏర్పాటు కంపెనీయే చేసింది. గుడ్డముక్కల వైద్యానికి పెద్ద సంప్రదాయమే ఉంది: 1978లో వచ్చిన యమహా ఎన్‌ఎస్-10 స్పీకర్ల పదును తట్టుకోలేక పాశ్చాత్య స్టూడియోల ఇంజనీర్లు వాటి ట్వీటర్ల మీద, అంటే పై ధ్వనులు పలికే చిన్న గుండ్రాల మీద, టిష్యూ కాగితం వేలాడదీసేవారు, ఏ కాగితం ఎన్ని పొరలు వేస్తే ఎంత తగ్గుతుందో బాబ్ హోడాస్ అనే ఆయన 1986లో కొలతలు వేసి మరీ వ్యాసం రాశాడు. సకార పీడితుడికి ఈ చరిత్ర తెలిసిన నాటి నుంచి అతని ఇంట్లో టిష్యూ డబ్బా డైనింగ్ టేబుల్ మీద నిలవడం మానేసింది.

ఇన్ని కారణాలు ఎదురుగా ఉన్నా ఇతడు నేరం మోపే వరుస మాత్రం వేరు. మొదటి ముద్దాయి గోడలోని కరెంటు, ఆ తరువాత యూఎస్‌బీ, ఆ తరువాత తీగ. వెండి తీగలో పాట పదునుగానూ, రాగి తీగలో వెచ్చగానూ పలుకుతుందని ఇతని గట్టి నమ్మకం. మీటరున్నర తీగలో ఆ రెండు లోహాల తేడా చెవికి తెలిసేంత ఉండదని కొలతలు చెప్పినా, తెల్లవారుజామున రాగి చెంబులో నీళ్లు తాగే తండ్రికి పుట్టిన బిడ్డ రాగి మీద నమ్మకం ఎలా వదులుకుంటాడు? కొత్త హెడ్‌ఫోన్స్‌ను కొత్త చెప్పులతో పోల్చి, వంద గంటలు వాయిస్తే కరుకుదనం పోతుందని చెప్పి, ఊళ్లో లేనప్పుడు కూడా వాటిని ఖాళీ గదిలో పాడించి వెళ్లే ఉత్తమజాతి పీడితులు కూడా ఉన్నారు. చెప్పులు కాలికి అలవాటుపడినట్టే చెవి కూడా మోతకు అలవాటు పడుతుందన్నది మాత్రం వారు లెక్కలోకి తీసుకోరు.

నిజానికి ఈ రోగానికి మందు ఉచితంగానే దొరుకుతుంది. విండోస్ కంప్యూటరులో ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రాము వేసుకుంటే, ఏ హెర్ట్జ్ దగ్గర, ఎన్ని డెసిబెళ్లు, ఎంత వెడల్పున తగ్గించాలో మూడు అంకెల్లో చెప్పవచ్చు. వెడల్పును సూచించే అంకెను క్యూ అంటారు, అది పెరిగేకొద్దీ కోత సన్నబడుతుంది. ఎక్కడ కోయాలో తెలుసుకోవడానికి 4 వేల నుంచి 10 వేల హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే ఒక ఈల ధ్వనిని తక్కువ మోతలో విని, చెవిలో సూది గుచ్చినట్టు అనిపించిన చోటు రాసుకోవాలి. చెవి గొట్టం ఆకారం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి ఇంకొకరి లెక్క పనికిరాదు. ఒక అర్ధరాత్రి సకార పీడితుడు ఈ పరీక్ష శ్రద్ధగా చేసి, 7,400 దగ్గర కుర్చీలోంచి లేచినంత పని చేసి, అక్కడ 4 డెసిబెళ్లు తగ్గించి, క్యూ 3 అని రాసి, ఎన్నాళ్లకో పుత్రోదయమైన దశరథుడిలా నిట్టూర్చాడు. మూడు వారాలపాటు సకారం వెన్నలా ఉందని ఆఫీసులో కనబడినవారికల్లా చెప్పాడు. తరువాత తేలిందేమిటంటే, విండోస్ తాకిడి పాటకు సోకరాదన్న శుద్ధి పట్టింపుతో అంతకుముందే అతడు ప్లేయరును ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో పెట్టుకున్నాడు. ఆ పద్ధతిలో పాట విండోస్ ధ్వని విభాగాన్ని దాటి నేరుగా డాక్‌కు వెళ్లిపోతుంది, ఈక్వలైజర్ ఏపీఓ ఉండేది ఆ విభాగంలోనే. మడి కట్టుకున్నవాడు మందు గ్లాసును ముట్టుకోలేదన్నమాట. మూడు వారాల వెన్న ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరూ అతణ్ని అడగలేదు.

ఆ మోడ్ తీసేశాక అసలు కోత మొదలైంది, మొదలయ్యాక ఆగలేదు. నాలుగు డెసిబెళ్లు ఏడు, ఏడు పది అయ్యాయి. పది డెసిబెళ్లు తగ్గిస్తే ఆ భాగం మోత చెవికి ఇంచుమించు సగమైనట్టు తోస్తుంది. అప్పుడు గాయనికి కొత్తగా నత్తి వచ్చింది. సకారాన్ని మరీ నరికితే మిగిలేది థకారమో ఫకారమో అన్నట్టుంటుంది, సీతమ్మ థీతమ్మ అవుతుంది. తాళాలూ, మువ్వలూ, వీణ మీటినప్పటి గోటి చప్పుడూ అదే పేటలో కాపురముంటాయి కాబట్టి అవన్నీ దుప్పటి కప్పుకున్నాయి. ఇతడు కోత తీసేసి, పదును మళ్లీ భరించలేక కోత పెట్టి, ఆ రెంటికీ నడుమ దొరికే సరైన బిందువు కోసం ప్రతి రాత్రీ అర డెసిబెల్ అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటాడు. కావాలంటే ఘంటసాల పాత పాటలు వినవచ్చు, ఆ కాలపు సినిమా సౌండ్‌ట్రాక్‌లో సకారం గుచ్చుకునే పైభాగం పెద్దగా మిగిలేదే కాదు. కానీ వాటిలో డీటెయిల్ లేదని ఇతని ఫిర్యాదు.

ఆదివారం ఉదయాల్లో పరిశోధనలోకి ఇల్లాలిని కూడా లాగడం ఈ తెగ లక్షణం. ఆమె చేతికి అంటిన పిండిని కొంగుకు తుడుచుకుని, హెడ్‌ఫోన్స్ జడకు అడ్డం రాకుండా పెట్టుకుని, నాలుగు సెకన్ల ముక్కను ఏడుసార్లు విని, "బాగానే ఉంది కదండీ, ఎవరు పాడారు?" అంటుంది. ఇతడు తడుముకుంటాడు. ఆ ముక్కను మూడు వందల సార్లు విన్నవాడికి గాయని పేరు తట్టదు, ఆ తరువాతి చరణం ఎలా మొదలవుతుందో అసలే తెలియదు; ఆ ముక్కలో సకారాలు మూడనీ, రెండోది కొంచెం ఎడమకు ఉందనీ మాత్రం చెప్పగలడు. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో చూడమన్నాను, ఎన్నయ్యాయి?" అని అడుగుతుంది. "వేసిందా?" అంటాడు ఇతడు. వెనకభాగం తెరిచి ఉండి, బయటి చప్పుళ్లను యథేచ్ఛగా లోనికి రానిచ్చే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషికి పక్క గదిలోని కుక్కర్ విజిల్ వినబడలేదంటే, సకారం ఎందుకు గుచ్చుకుంటోందో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మనిషి చెవి గొట్టం రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న చిన్న పిల్లనగ్రోవి, 3 వేల హెర్ట్జ్ దగ్గర తనంతట తానే మోగుతుంది, ఆ ప్రాంతం నుంచి 5 వేల దాకా మిగతా ధ్వనులకన్నా చురుగ్గా పట్టుకుంటుంది. వాల్యూమ్ పెంచినప్పుడు మొదట మొరపెట్టుకునేది ఆ ఇరుగుపొరుగే. అయినా వాల్యూమ్ మీట తగ్గించమని సలహా ఇచ్చినవారు ఈ తెగలో వెలికి గురవుతారు. నలభై వేలు పోసి ఆంప్ కొన్నది తగ్గించడానికా? యాభై దాటాక ప్రకృతి తానే పై హెర్ట్జ్‌లను మెల్లగా చెవికి దూరం చేస్తుంది కనుక కాలమే ఇతనికి డీ-ఎస్సర్ అవుతుందిగానీ, అందాకా ఈఎంఐలు ఆగవు.

ఇతని శబ్దజీవితంలో ఫిర్యాదు లేని ఘట్టం ఒకటే, తెనాలి పక్క పల్లె నుంచి తల్లి చేసే ఫోను. ఆ ఇంటి పెరట్లో సిగ్నల్ అందక కాల్ పాత 2జీకి దిగిపోతుంది, అక్కడ టెలిఫోను పాత హద్దులు అమల్లో ఉంటాయి: 300 హెర్ట్జ్ కింద ఏదీ రాదు, 3,400 పైన ఏదీ రాదు. ఏ డాక్‌తోనూ, ఏ టిష్యూతోనూ ఇతడు సాధించలేనిది ఆ హద్దు ఉచితంగా సాధిస్తుంది, తల్లి గొంతులో సకారమన్నది బొత్తిగా వినబడదు.

"ఒరే నాన్నా, సున్నుండలు చేశాను, మీ మావయ్య వస్తుంటే ఇచ్చి పంపిస్తున్నా."

"ఏ ఉండలమ్మా?"

"సున్నుండలు."

"పున్నుండలా?"

"సున్నుండలురా. సు... న్నుం... డలు."

ఇతడు ఫోను కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చుకుని, వాల్యూమ్ చివరిదాకా పెంచి, కిటికీ దగ్గరకు నడిచి, రెండో చెవిని అరచేత్తో మూసుకుంటాడు.

"ఆ మొదటి అక్షరం వినబడట్లేదమ్మా, కొంచెం గట్టిగా పలుకు."