పసుపు ఆరకముందే సైలెన్సరు

కొత్త బండి షోరూమ్ నుంచి నేరుగా గుడికి వెళ్తుంది. పూజారి హెడ్‌లైటుకి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హారతిచ్చి దక్షిణ పుచ్చుకుంటాడు. అక్కణ్నుంచి బండి ఇంటికి పోవాలి. ఈ మధ్య మాత్రం సైలెన్సర్ షాపుకి పోతోంది. తొలి ఈఎంఐ ఇంకా కట్టలేదు, నంబరు ప్లేటు ఇంకా రాలేదు, పసుపు ఇంకా ఆరలేదు. కంపెనీవాళ్లు బిగించిన సైలెన్సరు మాత్రం ఊడి గోనెసంచిలోకి చేరిపోతుంది.

కొత్త బండికి పెర్ఫార్మెన్స్ పార్టులు ఎప్పుడు వేయించాలని ఏ కుర్రాణ్ని అడిగినా మన పేటల్లో జవాబు ఒక్కటే. నిన్ననే వేయించాల్సింది.

ఈ శాస్త్రానికి పీఠాలు హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి సందుల్లో ఉంటాయి. పీఠాధిపతి గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ సెలవిస్తాడు: "తమ్ముడూ, కంపెనోడు ఇంజన్ గొంతు నొక్కి పెట్టిండు. ఫ్రీ ఫ్లో ఏస్తే బండి ఊపిరి పీల్చుకుంటది, సూడు." డైనమోమీటరు ముందు ఏళ్ల తరబడి కూర్చున్న ఇంజనీర్లకు తట్టని రహస్యం, ఒక స్పానరుతో పది నిమిషాల్లో బయటపడుతుంది. పాపం ఆ ఇంజనీర్లంతా బండి ఊపిరాడకుండా చావాలని పగబట్టి కూర్చున్నట్టుంది.

ఊపిరి సంగతి సరే, లోపలి అవయవాల సంగతి చూద్దాం. కొత్త ఇంజన్లో పిస్టన్ రింగులకీ సిలిండరు గోడకీ ఇంకా పొత్తు కుదరలేదు. గోడ మీద హోనింగ్ చేసిన సన్నటి గీతలుంటాయి. ఆ గరుకును రింగులు అరగదీస్తూ, తామూ కాస్త అరుగుతూ అమరాలి. అప్పుడు రాలే లోహపు నలుసులన్నీ మొదటి ఆయిల్లోకి చేరతాయి. చాలా కంపెనీలు తొలి సర్వీసును 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య పెట్టి ఆయిలూ, ఫిల్టరూ మార్పించేది అందుకే. అప్పటిదాకా ఇంజన్ని విరగ్గుంజొద్దనీ, గంటల తరబడి ఒకే వేగంలో తోలొద్దనీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ మాన్యువల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో భద్రంగా ఉంటుంది. దాన్ని చదివిన మహానుభావుణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇంజన్ ఒక్కటే కాదు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. ఓ వంద కిలోమీటర్లు తిరిగి కాస్త గరుకు తేలేదాకా మలుపుల్లో దాన్ని నమ్మకూడదు. బ్రేకు ప్యాడ్లు డిస్కుతో సరిపడడానికి కూడా టైము పడుతుంది. అంటే సరిగ్గా పట్టూ దొరకని, సరిగ్గా ఆగనూ ఆగని రోజుల్లోనే మనవాడు బండికి బలం పోస్తున్నాడన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు మారాయి. ఎగ్జాస్టులో క్యాటలిటిక్ కన్వర్టరు, దాని ముందు ఆక్సిజన్ సెన్సరు. ఆ సెన్సరు పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి చెబితే, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటరు పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్క కడుతుంది. సైలెన్సరు మారిస్తే ఆ లెక్క తప్పుతుంది. మామూలుగా పోతున్నప్పుడు ఈసీయూ ఎలాగో సర్దుకుంటుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పితే చాలా బండ్లలో అది సెన్సరు మాట పక్కనపెట్టి ఫ్యాక్టరీలో రాసిచ్చిన పాత పట్టికనే నమ్ముకుంటుంది. ఆ పట్టికలో పుత్లీబౌలి సైలెన్సరు లేదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతుంది. థ్రాటిల్ వదలగానే కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలో అంటుకుని పటపటమంటుంది. వెనక కూర్చున్న స్నేహితుడు ఆ పటాకులు విని పులకించి, "మామా, పవర్ వచ్చిందిరా!" అంటాడు. వచ్చింది పవర్ కాదు నాయనా. లీటరు నూరు దాటిన పెట్రోలు ఇంజన్లో కాలకుండా వీధిలో కాలుతోంది.

సైలెన్సరు తెచ్చిన రోగానికి మందు, ఈసీయూ పట్టికను తిరగరాసే రీమ్యాప్. రీమ్యాప్ చేశాక ఎయిర్ ఫిల్టరు చిన్నదైపోతుంది. ఫిల్టరు మార్చాక క్లచ్ జారుతున్నట్టు అనుమానం. అనుమానం నిజమో కాదో తేలేలోపు దానికీ బిల్లు తయారు. ఇంతా అయ్యాక ఇంజన్ నిజంగా మొరాయిస్తే సర్వీస్ సెంటర్లో సూపర్‌వైజరు వేలాడుతున్న వైర్లను రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని, "ఇది వారంటీలోకి రాదు సార్" అంటాడు. అప్పుడు గోనెసంచి గుర్తొస్తుంది.

సరే, ఇంత యాగం చేస్తే ఫలం ఎంత? రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుందాం, మన రోడ్ల మీద దాని భక్తులకు లోటు లేదు గనక. దాని శక్తి సుమారు 20 హార్స్‌పవర్, బరువు 195 కిలోలు. మీద 85 కిలోల మనవాడు. సైలెన్సరుతో ఒక హార్స్‌పవర్ పెరిగిందనే అనుకుందాం, షాపతని మాట ఎందుకు కాదనాలి. లెక్క వేసి చూడండి. బండి మీద 13 కిలోలు తగ్గినా దాదాపు అదే ఫలితం. ఆ 13 కిలోలు ఎక్కడున్నాయో బెల్టు బిగించుకునేటప్పుడు మనవాడికి రోజూ తెలుస్తూనే ఉంటుంది. రాత్రి పదింటి బిర్యానీ మానేస్తే చాలు. ఆ పార్టుకి చలానా కూడా ఉండదు.

ఆ ఒక్క హార్స్‌పవర్‌ను ఎక్కడ ఖర్చుపెడతాడన్నది వేరే సంగతి. హైదరాబాద్ చుట్టూ నున్నగా, ఖాళీగా ఉండే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ రానివ్వరు. మిగిలింది అమీర్‌పేట. సాయంత్రం ఆరింటికి అక్కడ కొత్తగా ఊపిరి పీల్చుకున్న బండి, గొంతు నొక్కిన పాత స్కూటీ వెనకాలే కాళ్లీడ్చుకుంటూ పోతుంది. (ఇంకో తెగ ఉంది. లడఖ్ వెళ్తామని పెట్రోలు క్యాన్ల స్టాండు బిగించి, వికారాబాద్ అనంతగిరిలో మిర్చి బజ్జీలు తిని తిరిగొస్తారు. వాళ్లు నిరపాయకారులు, వదిలేద్దాం.)

పగటిపూట దాక్కోవలసి వచ్చిన బలం రాత్రి కాలనీలో బయటపడుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు అంటాయి. మనవాడు వీధి మలుపు తిరిగేసరికి ఉయ్యాల్లో పసివాడు లేచి ఏడుస్తాడు, బీపీ మాత్ర వేసుకుని పడుకున్న తాతగారు గుండె పట్టుకుంటారు. వీధికుక్కలు మాత్రం కొంతదూరం గౌరవంగా సాగనంపుతాయి.

చట్టానికి ఈ శాస్త్రం మీద బొత్తిగా అభిరుచి లేదు. మోటారు వాహనాల చట్టంలోకి 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకి" అన్నమాట గమనించండి, అచ్చం షాపు బిల్లులాగే. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించారు. పూజలో నిమ్మకాయలకు పట్టిన గతే వాటికీ పట్టింది.

"మరి రేసర్లు మార్చరా?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. మారుస్తారు. కానీ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్లో జరిగే జాతీయ పోటీల్లో స్టాక్ అనే తరగతే ఉంది. ఇంచుమించు కంపెనీ ఇచ్చిన బండ్ల మీదే అక్కడ కుర్రాళ్లు మోకాలు నేలకు రాసుకుంటూ మలుపులు తిరుగుతారు. అక్కడ ముందు తోలేవాణ్ని బాగు చేస్తారు. తర్వాత టైరు, బ్రేకు, సస్పెన్షన్. ఇంజన్ జోలికి ఆఖర్న పోతారు. మన సందుల్లో ఆ జాబితాను తలకిందులుగా చదువుతారు, అదీ మొదటి పద్దు దాకానే.

కాబట్టి ముహూర్తం అడిగేవాళ్లకు నా మాట ఇది. తొలి సర్వీసు కానివ్వండి. ఒక వానాకాలం తోలండి. ఫ్యాక్టరీ టైర్లు అరిగినప్పుడు మంచి టైర్లు వేయించండి, ప్యాడ్లు అరిగినప్పుడు మంచి ప్యాడ్లు. వెనక సస్పెన్షన్ గట్టిదో మెత్తనిదో చేసుకునే స్పానరు చాలా బండ్లకు టూల్‌కిట్‌లోనే వస్తుంది, దానికి పుత్లీబౌలి పోనక్కర్లేదు. వారంటీ తీరాక కూడా ఇంజన్ చాలడం లేదనిపిస్తే, ఈ బండి అమ్మేసి పెద్దది కొనుక్కోండి. ఇంజన్ విషయంలో చట్టం పేచీ లేకుండా ఒప్పుకునే అప్‌గ్రేడ్ అదొక్కటే. అప్పటిదాకా చెయ్యి దురద పెడితే చైనుకు నూనె పెట్టండి, టైర్లలో గాలి చూసుకోండి. పెట్రోలు బంకులో గాలి ఉచితం.