ఖనిలో చూసేందుకేమున్నది?

హైదరాబాద్ చుట్టాలు గోదావరిఖనికి వస్తే మొదటిరోజు కడుపునిండా తింటారు, రెండోరోజు పొద్దున్నే "ఏమున్నది బావా ఇక్కడ చూసేందుకు?" అంటారు. మా బామ్మర్దికి ఈ ప్రశ్న అలవాటు. నోటితో జవాబు చెప్పడం దండగని బండెక్కిస్తాను.

ముందు గుట్టలు చూపిస్తాను. "పైన గుడి ఉన్నదా?" అంటాడు. గుడి లేదురా, మెట్లూ లేవు. అది ఓపెన్ కాస్టులో బొగ్గు మీదున్న మట్టిని డంపర్లు తెచ్చిపోస్తే లేచిన గుట్ట. ప్రకృతి లక్షల ఏళ్లు తీసుకునే పనిని మా సింగరేణి బొగ్గుగనులవాళ్లు మూడు షిఫ్టులు నడిపి, ప్లేడే (సెలవురోజు) డ్యూటీలు కూడా చేసి ముగించారు. బ్లాస్టింగులకు గోడలు నెర్రెలిచ్చిన పల్లెల్లో మాత్రం ఈ గుట్టను ఇంత ముచ్చటగా చెప్పలేను. చెప్తే చాయ్ కూడా పొయ్యరు.

బొగ్గుగని కార్మికుడి విగ్రహం దగ్గర ఆగి తీరాలి. లీడర్ల విగ్రహాలు చెయ్యి చాపి ఎటో చూపిస్తుంటాయి. విగ్రహమయ్యాక కూడా డ్యూటీ దిగనివాడు ఈయనొక్కడే.

రామగుండం ఓపెన్ కాస్టులో పనిచేసిన డ్రాగ్‌లైన్ అనే మట్టి తవ్వే యంత్రం గురించి చెప్తే బామ్మర్ది నమ్మడు. దానికి చక్రాలుండవు, పాదాలుంటాయి. వెయ్యి టన్నులు దాటిన ఒళ్లు లేపి ఒక్కో అడుగే వేస్తుంది, పెళ్లిభోజనం చేసిన మా మామయ్యలాగా.

ఎన్టీపీసీ రిజర్వాయర్ చూశాక మాత్రం నోరు మూశాడు. 2600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పక్కనే, సుమారు 500 ఎకరాల నీళ్లమీద సోలార్ పలకలు తేలుతుంటాయి. 100 మెగావాట్లు, 2022 జులైలో పూర్తయింది. బొగ్గు తిని బతికే ఊళ్లో సూర్యుడికి ఈత నేర్పారన్నమాట! పలకల నీడకు నీళ్లు తక్కువ ఆవిరవుతాయి, నీళ్లమీద ఉన్నందుకు పలకలూ చల్లబడతాయి. మే నెల రామగుండంలో అంత సుఖం ఇంకెవరికీ లేదు.

మనలాంటి గనుల ఊళ్లు వేరేచోట ఏం చూపిస్తున్నాయో చూడండి. కెనడాలో సడ్బరీ అని నికెల్ గనుల ఊరుంది. 1964లో అక్కడ తొమ్మిది మీటర్ల ఐదు సెంట్ల నాణెం నిలబెట్టారు, జనం వచ్చి ఫొటోలు దిగుతున్నారు. జర్మనీవాళ్లయితే పాత ఓపెన్ కాస్టులోనే అయిదు మహా యంత్రాలను నిలిపి, ఫెర్రోపోలిస్ అని పేరుపెట్టి, వాటి మధ్య పాటకచేరీలు పెడుతున్నారు. మనం? యంత్రం ముసలిదైతే తుక్కుకింద వేలం!

ఆ తుక్కుతో ఏం చెయ్యొచ్చో తెనాలి సూర్య శిల్పశాలను అడగాలి. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర 75,000 ఇనుప నట్లతో పదడుగుల గాంధీని నిలబెట్టారు. మన వర్క్‌షాపుల్లో పడివున్న ఇనుముతో ఏకంగా ఒక షిఫ్టు మొత్తాన్ని, పని చూసే సర్దార్‌తో సహా, నిలబెట్టొచ్చు. సింగరేణి పెద్దలారా, వచ్చే వేలానికి ముందు ఒక్క డ్రాగ్‌లైన్ బకెట్టయినా పక్కన పెట్టి రాజీవ్ రహదారి పక్కన దించండి. పిల్లలెక్కి ఆడుకుంటారు. మేమూ ఎక్కుతాం.

మీరు రావాలనుకుంటే డిసెంబర్ 23న రండి. ఆ రోజు సింగరేణి ఆవిర్భావ దినం, పైగా చలికాలం. తెల్లచొక్కా మాత్రం వేసుకురాకండి.