పేషెంటు పొట్ట, మన తొందర: జూనియర్లకు తొమ్మిది చిట్కాలు

2021-22 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో ఫ్యామిలీ అడాప్షన్ అని ఒకటి వచ్చింది. విద్యార్థి పల్లెకు వెళ్లి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వాళ్ల మంచీచెడ్డా కనిపెట్టుకుని ఉండాలట. మీకు ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం పడిందనుకోండి. చుట్టూ మామిడి తోటలు, నెత్తిన ఎండ, ఏ వసారాలోకి తొంగిచూసినా కడుపునొప్పి అనేవాళ్లు ఒకరు. వార్డులో అయితే ప్రొఫెసరు గారి కళ్లు మన చేతుల మీదే ఉంటాయి. ఇక్కడ అడిగే నాథుడు లేడు. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పొట్ట పరీక్షను ఒక్క నిమిషంలో ముగించే మార్గాలు చెబుతాను, రాసుకోండి.

1. వరస కలపకండి.
"మామ్మగారూ, చెయ్యి వేసి చూడనా?" అని అడిగారా, ఆవిడ మనవరాలి పెళ్లి దగ్గర మొదలుపెట్టి నొప్పి ఎప్పుడొచ్చిందో, ఏం తింటే ఎక్కువైందో అంతా చెప్పేస్తుంది. సగం రోగం అక్కడే తేలిపోతే ఇక మన చదువుకు విలువేముంది? "పడుకో" అంటే చాలు. చుట్టూ పిల్లలూ పక్కింటివాళ్లూ మూగితే మూగనివ్వండి. తలుపు వేయడం, దుప్పటి కప్పడం లాంటివి సినిమా డాక్టర్ల పనులు.

2. నులక మంచం దిగనివ్వకండి.
బల్లపరుపు చోట పడుకోబెట్టి, తల కింద ఒక దిండు పెట్టి, మోకాళ్లు మడిపిస్తే పొట్ట కండరాలు వదులవుతాయి. మనకది అనవసరం. నడుం కుంగిన నులక మంచంలో పొట్ట ముడతలు పడి, లోపల ఏముందో చేతికి అందదు. అందకపోతే రాయక్కర్లేదు. పైగా మంచం పొట్టిది. ముంజేయి పొట్టకు సమంగా రావాలంటే నేల మీద మోకాళ్లు వేయాలి. తెల్లకోటుకు మట్టి అంటుతుంది. నిలబడే వంగండి.

3. చూడకండి.
పొట్ట మీద మచ్చలుంటాయి. పక్కటెముకల కింద చిన్నప్పుడు పసిరికలకు పెట్టిన వాత ఉండొచ్చు. బొడ్డు కింద కోత ఉండొచ్చు. "అదేంటమ్మా?" అంటే "పెద్దాపరేషన్" అంటుంది. అది సిజేరియనో గర్భసంచి తీసిందో మళ్లీ అడగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా తేలింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. అడగడం మానేస్తే గర్భసంచి లేని ఆవిడకు కూడా ధైర్యంగా "గర్భసంచిలో గడ్డ" అని రాసేయొచ్చు.

4. నొప్పి ఉన్నచోటే మొదలెట్టండి.
దూరం నుంచి మొదలుపెట్టి నొప్పి దగ్గరికి చివర్లో రమ్మంటాయి పుస్తకాలు. చివరిదాకా ఆగే ఓపిక ఎవరికుంది? 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ అపెండిక్స్ నొప్పికి గుర్తు చూపించనే చూపించాడు: కుడి తుంటి ఎముక కొన నుంచి బొడ్డు వైపు మూడోవంతు దూరం. తిన్నగా అక్కడే, బంగినపల్లి పండిందో లేదో చూసినట్టు, చల్లని వేలికొనలతో గట్టిగా నొక్కండి. "అమ్మో!" అని పొట్ట బిగబట్టేస్తుంది. ఇక ఎక్కడా ఏమీ తెలియదు, పరీక్ష అయిపోయినట్టే. అరచేతిని చదునుగా ఆనించడం, ముందు పైపైన, తర్వాత లోతుగా చూడటం చాదస్తం. ఆవిడ ముఖం వైపు అసలు చూడకండి. నోటికన్నా ముందు నొసలు చెబుతుంది.

5. బల్ల పెరిగిందేమో పక్కటెముకల దగ్గరే వెతకండి.
ప్లీహం దాదాపు రెండింతలైతే గానీ చేతికి తగలదు. పెరిగే కొద్దీ ఎడమ పక్కటెముకల కింద నుంచి ఏటవాలుగా కుడి పొత్తికడుపు వైపు దిగుతుంది. అందుకే కింద కుడివైపు నుంచి, ఊపిరి పీల్చినప్పుడల్లా కాస్త కాస్త పైకి జరుగుతూ రమ్మంటారు. మీరు పైనే మొదలెడితే చెయ్యి నేరుగా ఆ బల్ల మీదే పడుతుంది, అంచు మాత్రం దొరకదు. పొట్టంతా పరుచుకున్న ప్లీహాన్ని కూడా ఇలా హాయిగా వదిలేయొచ్చు.

6. కిడ్నీ తగల్లేదంటే బాగున్నట్టే.
పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందంటే, ప్రభుత్వం కృష్ణా నీళ్లు తెచ్చే పథకం చేపట్టాల్సి వచ్చింది. దీర్ఘకాలం జబ్బుపడ్డ కిడ్నీ సాధారణంగా కుంచించుకుపోతుంది, చేతికి దొరకదు. అది మనకు కలిసొచ్చే విషయం. రెండు చేతుల మధ్య ఎగరేసి చూసి "నార్మల్" అనేయండి. బీపీ చూడటం, మూత్రంలో ప్రోటీను, రక్తంలో క్రియాటినిన్ చేయించమనడం, ఒళ్లునొప్పుల బిళ్లలు ఎన్ని మింగుతున్నారో అడగడం మన సబ్జెక్టు కాదు.

7. ఉబ్బిన పొట్టంతా గ్యాసే.
పక్కకు తిప్పి పడుకోబెట్టి మళ్లీ వాయిస్తే, మొద్దు శబ్దం చోటు మారి లోపల నీరున్నట్టు బయటపడుతుంది. తిప్పకండి. పెద్దాయనను "మూత్రానికి వెళ్లొచ్చారా?" అని కూడా అడగకండి. ఆగిపోయిన మూత్రంతో నిండిన సంచిని కణితి అనుకునే గొప్ప అవకాశం పోతుంది.

8. పంచె జోలికి వెళ్లకండి.
వాంతులు, కడుపు ఉబ్బు, రెండ్రోజులుగా విరేచనం లేదు. గజ్జల్లో ఇరుక్కున్న హెర్నియా పంచె కిందే ఉంటుంది. అక్కడ చూడటానికి మీకు సిగ్గు, చూపించడానికి ఆయనకు సిగ్గు. ఇద్దరి మర్యాదా కాపాడండి. స్టెతస్కోపు మాత్రం మూడు క్షణాలు ఆనించి, ఫ్యాన్ హోరు వింటూ తల ఊపండి. పేగుల చప్పుడు లేదనడానికి నిమిషాల తరబడి వినాలట. ఉందని రాయడానికి వినక్కర్లేదు.

9. రిపోర్టు ముందే రాసుకెళ్లండి.
"పర్ అబ్డామెన్: సాఫ్ట్, నాన్ టెండర్, బవల్ సౌండ్స్ ప్లస్." ఈ ముక్కలు హాస్టల్లోనే అందరికీ ఒకేలా రాసి పెట్టుకుంటే చేతికి శ్రమ ఉండదు. అనుమానం ఉంటే "స్కాన్" అని కింద గీత గీయండి. మైలవరం మీదుగా బస్సెక్కి విజయవాడ పోయి, ఒకరోజు కూలి వదులుకుని, ఆవిడే తీయించుకొస్తుంది. అయిదు నిమిషాలు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి వేస్తే తెలిసేది, ఫిల్ముతో సహా కవర్లో వస్తుంది. వచ్చే విజిట్‌లో ఆ కవరు మీ ముందు పెట్టినప్పుడు కంగారు పడకండి. "ఇన్నాళ్లు ఎందుకు ఆగావు?" అని గట్టిగా కసరండి. ఆలస్యం ఎప్పుడూ పేషెంటుదే అయ్యుండాలి.