చిట్టా లేని చిత్రగుప్తుడు

టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మొదట ఇళ్ల ధరలు, ఆ తర్వాత మార్ట్‌గేజ్ వడ్డీలు, పులిహోర గిన్నె ఖాళీ అయ్యే వేళకు ఆఫీసు ప్రతాపాలు. ఈ మూడో అంకంలో ఒక డైలాగు తప్పకుండా వినబడుతుంది: "అన్నా, స్ప్రింగ్ బ్యాచ్‌ని డేటాబేస్ లేకుండానే లాగించేశాం!" వినేవాళ్లు "అబ్బో" అంటారు. ఎందుకు అబ్బోనో ఎవరూ అడగరు.

టొరంటో బే స్ట్రీట్‌లోని బ్యాంకులు తలుపులు తీసేది పగలే అయినా అసలు పని రాత్రి జరుగుతుంది. జీతాలు, పెన్షన్లు, ఇంటి వాయిదాలు ఫైళ్ల రూపంలో కట్టలుగా వస్తాయి. కెనడాలో వీటికి పేమెంట్స్ కెనడా వారి 005 ప్రమాణం ఉంది: ఒక్కో రికార్డు 1464 అక్షరాలు, అందులో ఆరు లావాదేవీల దాకా పడతాయి. వాటిని చదివి, సరిచూసి, ఖాతాల్లో వేసేదే బ్యాచ్ జాబ్. జావాలో దాన్ని రాసేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది స్ప్రింగ్ బ్యాచ్ అనే ఫ్రేమ్‌వర్క్‌ని. 2008లో దాని మొదటి వెర్షన్ వచ్చింది.

చదవడం, రాయడం మాత్రమే అయితే ఒక ఫర్ లూప్ చాలు. స్ప్రింగ్ బ్యాచ్ అదనంగా ఇచ్చేది జ్ఞాపకం. ఏ జాబ్ ఏ పారామీటర్లతో నడిచింది, పూర్తయిందా, మధ్యలో పడిపోయిందా, పడిపోతే ఎన్నో రికార్డు దగ్గర అన్నది ఆరు టేబుళ్లలో రాసుకుంటుంది. పూర్తయిన జాబ్‌ని అవే పారామీటర్లతో రెండోసారి నడపబోతే, ఇదివరకే అయిపోయిందని మొండికేస్తుంది. ఒకే జీతం రెండుసార్లు పడకుండా అడ్డుపడేది ఆ మొండితనమే. మన వీరుడు సరిగ్గా ఆ ఆరు టేబుళ్లనే పీకేస్తాడు. చిత్రగుప్తుడి చేతిలో చిట్టా లాక్కుని, "మీరు కూర్చోండి స్వామీ, కిరీటం బాగుంది" అన్నట్టు.

ఈ విద్యకు చరిత్ర ఉంది. పాత రోజుల్లో సెట్‌డేటాసోర్స్ అనే మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి లోపల ఏమీ రాయకుండా వదిలేసేవారు, పక్కన "డూ నథింగ్" అని ఒక కామెంటు. ఇంత నిజాయితీ గల కామెంటు నేను ఇంకే కోడులోనూ చూడలేదు. దాంతో జాబ్ తన లెక్కలన్నీ మెమరీలో ఒక మ్యాప్‌లో పెట్టుకునేది. ఆ మ్యాప్ పద్ధతి ప్రొడక్షన్‌కు పనికిరాదని తయారుచేసినవాళ్లే మొత్తుకుని, 2020లో 4.3 వెర్షన్‌లో దానికి డిప్రికేటెడ్ ముద్ర వేసి, 2022లో 5.0తో తీసేశారు. అప్పుడు జనం మెమరీలోనే నడిచే హెచ్2 డేటాబేస్‌కి మళ్లారు: జాబ్ మొదలవగానే మెమరీలో ఆరు టేబుళ్లు పుడతాయి, జాబ్‌తో పాటే పోతాయి. "నిన్న రాత్రి ఎన్ని రికార్డులు వెళ్లాయి?" అని ఆడిటర్ అడిగితే, "జాబ్‌తో పాటే పోయాయండీ" అని చెప్పుకోవాలి.

2024 నవంబరులో 5.2 వచ్చింది. అందులో రిసోర్స్‌లెస్ జాబ్ రిపాజిటరీ అనేది పెట్టారు, అసలేమీ దాచుకోదు. "చూశారా, స్ప్రింగ్ వాళ్లే ఒప్పుకున్నారు!" అని మనవాళ్లు పండగ చేసుకున్నారు. రీస్టార్ట్ అక్కర్లేని పనులకే అని డాక్యుమెంటులో రాసి ఉన్న సంగతి ఆ పండగలో ఎవరికీ పట్టలేదు. 2025లో వచ్చిన 6.0లో అదే డిఫాల్ట్ అయి కూర్చుంది. చిట్టా కావాలంటే ఇకమీదట మనమే అడిగి పెట్టించుకోవాలి. అడిగేవాళ్లెవరు?

పైగా ఇప్పుడు ఈ జాబ్‌లన్నీ కుబర్నెటీస్ మీదికి ఎక్కాయి. అక్కడ జాబ్ పడిపోతే కుబర్నెటీస్ దాన్ని డిఫాల్ట్‌గా ఆరుసార్ల దాకా మళ్లీ లేపి చూస్తుంది. ఆరు టేబుళ్లు బరువన్నవాడికి ఆరు పునర్జన్మలు ఉచితం. ప్రతి జన్మలోనూ ఫైలు మొదటి లైను నుంచే. టేబుళ్లు ఉంచుకున్నవాళ్లు మాత్రం తెలివైనవాళ్లనుకోకండి. అదే జాబ్ రెండోసారి నడవనంటే, ఆ క్షణపు టైమ్‌ని పారామీటర్‌గా తగిలించి ప్రతిసారీ కొత్త జాబ్ అని నమ్మిస్తారు. కాపలావాడు ఉన్నాడు, కళ్లకు గంతలు కట్టారు.

జ్ఞాపకం విలువ ఏమిటో కెనడాకు 2004లో తెలిసింది. ఆ ఏడాది మే 31న రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడాలో మామూలు సాఫ్ట్‌వేర్ మార్పు ఒకటి బెడిసికొట్టింది. నెలాఖరు, జీతాల వేళ. రోజుల తరబడి ఖాతాల్లో నిల్వలు సరిగా కనబడలేదు, జీతాలు ఆలస్యమయ్యాయి, బ్యాంకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. అప్పటికి స్ప్రింగ్ బ్యాచ్ పుట్టనేలేదు, కాబట్టి ఆ పాపం దానికి అంటగట్టను. కానీ తప్పు దొరకడంతో అలాంటి కథ అయిపోదు. ఒకరోజు లావాదేవీలు ఆగితే మర్నాటివి వాటి వెనక పేరుకుంటాయి. ఏది పడింది, ఏది పడలేదు అని తేల్చాకే కదలాలి. అది చిట్టాలున్న బ్యాంకు!

మరి ఇంత తెలిసీ డేటాబేస్ వద్దనడం ఎందుకు? కారణం టెక్నాలజీలో లేదు. ఆరు టేబుళ్లు కావాలంటే డీబీఏ టీముకు టికెట్ పెట్టాలి, ఆర్కిటెక్టులకు బొమ్మ గీసి చూపాలి, సెక్యూరిటీవాళ్ల ప్రశ్నావళి నింపాలి. క్రిస్మస్ ముందు అడిగితే చేంజ్ ఫ్రీజ్ అంటారు, జనవరిలో పలుకుతారు. మేనేజరు గారికి మాత్రం శుక్రవారానికల్లా డెమో కావాలి. టికెట్‌కు భయపడ్డామని చెప్పుకోలేక "లైట్‌వెయిట్ ఆర్కిటెక్చర్" అని పేరు పెట్టి స్లైడ్ మీద రెండు బాణాలు గీస్తారు. ఆ బరువు ఎక్కడికీ పోదు. మిస్సిసాగా బేస్‌మెంట్లో రాత్రి రెండింటికి ఆన్‌కాల్ ఫోనెత్తే కుర్రాడి నెత్తిన పడుతుంది.

ఒక ఫైలు చదివి ఇంకో ఫైలు రాసే పని, మళ్లీ నడిపినా ఎవరికీ నష్టం లేని పని అయితే డేటాబేస్ లేకుండా నిక్షేపంగా చేసుకోండి, నాకేం పేచీ లేదు. జనం డబ్బు కదిలే జాబ్ అయితే మాత్రం ఆ టికెట్ ఈ రోజే పెట్టండి. ఎలాగూ వారాలు పడుతుంది.