ఆరో ఆరామం

ధాన్యం లోడుకు ఇచ్చే ట్రక్ షీట్ ప్రింటు రాకపోవడం చిన్న సాంకేతిక సమస్యేననీ, రైతులు కాస్త సహకరించాలనీ ఈ వారం ఓ పెద్దాయన సెలవిచ్చారు. అప్పుడు గానీ నా కళ్లు తెరుచుకోలేదు. ఈ సర్వరు ఎవరి కంటికీ కనపడడు, ఎవరి మొరా ఆలకించడు, తనకు బుద్ధి పుట్టినప్పుడే వరమిస్తాడు. దేవుడు కాక మరెవరండీ? పంచారామాల్లో నాలుగు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం. ఇప్పుడు ఆరోదీ ఇక్కడే వెలిసింది. క్షేత్రం సర్వరారామం, స్వామి సర్వరేశ్వరుడు.

గర్భగుడి అంటే రైతు సేవా కేంద్రంలో ఓ మూల బల్ల. అర్చకుడు కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు. భక్తుడు ముందుగా పంట నమోదు చేసిన ఈ-క్రాప్ గోత్రం చెప్పుకోవాలి. తర్వాత వేలిముద్ర. అది పడకపోతే ఓటీపీ. ఆ ఓటీపీ కువైట్‌లో డ్యూటీలో ఉన్న అబ్బాయి ఫోనుకి వెళ్తుంది.

ఇక ప్రదక్షిణలు. మొదటిది, ప్రింటరు వైరు పీకి పెట్టడం. రెండోది, క్యూలో ఇరుక్కున్న పాత షీట్లు చెరిపేయడం. మూడోది, లాగౌటై మళ్లీ లాగినవడం. అప్పటికీ కరుణించకపోతే జాగారమే. అర్ధరాత్రి దాటాక స్వామి మేల్కొని మూడు కాగితాలు ఒక్కసారే ప్రసాదిస్తాడు. మొదటిది తెల్లకాగితం. రెండోది పక్క ఊరి రైతుది. మూడోదాంట్లో పేరు ఉంది గానీ, బస్తాల లెక్క మార్జిను దాటి గాల్లో కలిసిపోయింది.

"ఆయ్, బస్తాలెన్నో కనపడట్లేదేంటండీ?"

"స్వామికి తెలుసు బాబాయ్."

2027లో పుష్కరాలొస్తున్నాయి కాబట్టి ఈ క్షేత్రానికీ ఓ ఘాటు కట్టించాలి. ఎర్రర్ మెసేజులన్నీ కలిపి సహస్రనామం అచ్చు వేయించాలి, ప్రింటరు పనిచేస్తే.

వేళాకోళం చాలు. షీటు లేనిదే లోడు మిల్లుకు వెళ్లదు. మిల్లులో దిగినట్టు నమోదైతే గానీ ఎఫ్‌టీఓ (నిధుల బదిలీ ఉత్తర్వు) పడదు, అది పడితే గానీ డబ్బు రాదు. ఈలోగా మంచుకి తేమ 17 శాతం దాటితే కోత పడేది రైతుకే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తడిసి మొలకెత్తింది. ఆ వాన ఏ ప్రింటరు బాగయ్యేదాకా ఆగింది?

మిషనన్నాక మొరాయిస్తుంది. డ్రైవరు పోయిందో, కాగితం సైజు మారిందో చూడటం తెలిసినవాడుంటే పది నిమిషాల పని. 2025-26కి క్వింటాలు సాధారణ రకం ధాన్యానికి 2,369 రూపాయల మద్దతు ధర అని చాటినవాళ్లకి, ఆ ధర చేతికందడానికి కావలసిన ఒక్క కాగితం పట్టలేదు. ప్రింటు రాని రోజున లోడెలా కదలాలో ముందే రాసి పెట్టని పెద్దలదే ఈ పాపమంతా. సహకరించమని రైతుకు చెప్పడానికి సిగ్గుండాలి! బరకాలు కప్పుకుంటూ రాత్రంతా కాపలా కాస్తున్నది ఆ రైతే.

షీటు రాని రోజు చేత్తో రాసి, కార్బన్ కాపీ తీసి, కేంద్రం సీలేసి లారీని పంపండి. ఆన్‌లైన్‌లో మర్నాడు ఎక్కించుకోండి. ఆ ఉత్తర్వు ఈ సీజనులోనే ఇవ్వండి.